వరమ్మ అంకెల డబ్బా

ఎర్రగుంట్ల రైల్వే గేటు పక్కన నాకొక సెల్లు రిపేరు అంగడి ఉంది. తొమ్మిదో తరగతి మూడుసార్లు చదివాను కాబట్టి, ఒక్కసారి చదివి పైకి పోయినవాళ్ల కన్నా నాకా తరగతి మూడింతలు ఎక్కువ వచ్చు. పెన్నలో పడిపోయిన ఫోనుకు నేను కాల్ చేస్తే చేప ఎత్తి మాట్లాడింది. సిమెంటు మూటలో పడి గోడలో కలిసిపోయిన ఫోను అర్ధగంటకోసారి మోగుతుంటే, గోడ పగలగొట్టకుండా బయటినుంచే సైలెంటులో పెట్టాను. నమ్మినవాళ్లు నమ్మారు. నమ్మనివాళ్లు కూడా నవ్వి, టీ తాగి పోయారు. పన్నెండేళ్లలో నా అంగట్లో కూర్చొని ఒక్కసారి కూడా నవ్వని మనిషి ఒక్కతే. ఆమె పేరు వరమ్మ. ఈ రాత ఆమె గురించి.

వరమ్మది ఆలూరు పక్కన పల్లె. లారీ డ్రైవరు ప్రకాశాన్ని చేసుకొని ఎర్రగుంట్లకు వచ్చింది. ప్రకాశం సిమెంటు ఎత్తుకొని బెంగళూరు, చెన్నై తిరిగేవాడు. పదహారేళ్ల కిందట చిక్కి చిక్కి, కడప పెద్దాసుపత్రిలో పోయాడు. అదే వారం, అదే వార్డు పక్క గదిలో వరమ్మకు కూడా రక్తపరీక్ష చేశారు. మా ఊళ్లో ఆ జబ్బు పేరు ఎవరూ పలకరు, "అది" అంటారు. వరమ్మ మాత్రం హెచ్ఐవి అని అక్షరం మింగకుండా అంటుంది, కాటా దగ్గర తూకం చీటీ చదివినట్టు. రోజూ మాత్ర వేసుకుంటుంది. ఈ పదహారేళ్లలో ఆమెకు జలుబు చేసినన్నిసార్లు నాకు నెలకు చేస్తుంది.

ఒకసారి అడిగాను.

"అక్కా, నువ్వు ఏడ్సవు, నవ్వవు. లోపల ఏముండాది నీకు?"

"కాలు మీద కాలేసుకొని శానా సేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతాది సూడు దాసన్నా. అట్ల ఎక్కింది ఆ పొద్దు. ఇంగా దిగలే." అంతే చెప్పి, ఫోను బ్యాటరీ మార్చడం అయిందా అని అడిగింది.

ప్రకాశం పోయిన నాలుగేళ్లకు ఆమెకు ఒక సంస్థలో పని దొరికింది. ఆ జబ్బు ఉన్నవాళ్లు మాత్రలు మానకుండా చూసుకోవడం పని. ఈ పనిలో ఉన్న కష్టం ఏమిటంటే, వరమ్మ ఏ ఇంటి గడప తొక్కితే ఆ ఇంట్లో జబ్బు ఉందని వీధి అంతా తేల్చేస్తుంది. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ఒక ఇంట్లో పని ఉంటే ఆ వరసలో పది ఇళ్లలో మంచినీళ్లు అడుగుతుంది. ప్రతి గుమ్మం ముందూ నిలబడి, చెంబెడు తాగి, ఎండ గురించి ఒక మాట చెప్పి, తర్వాతి ఇంటికి పోతుంది. ఏ చెంబు పని కోసమో, ఏ చెంబు దాహం కోసమో కనిపెట్టిన మొనగాడు లేడు. ఏప్రిల్ నెలలో వరమ్మ తాగిన నీళ్లతో ఒక మడి వరి పండించవచ్చు. కొందరిని ఇంటి దగ్గర కూడా కలవదు. పిండిమర దగ్గరో, బస్టాండులోనో, నా అంగట్లోనో కలుస్తుంది. నా అంగట్లో ఎవరైనా ఎంతసేపైనా నిలబడవచ్చు, చార్జరు కోసమే అనుకుంటారు.

ఏడేళ్ల కిందట ఆ సంస్థలో ఇంకొకతను బస్సులో పెన్‌డ్రైవు పోగొట్టుకున్నాడు. ఎవరి చేతికో దొరికింది. అందులో పేర్లు, ఊర్లు, ఫోను నంబర్లు అన్నీ తెరిచిన పుస్తకం మాదిరి ఉన్నాయి. వారం తిరక్కముందే ఆలూరు దిక్కు ఒక కుటుంబానికి వీధి కొళాయిలో నీళ్లు పట్టుకునే వరస పోయింది. వాళ్లు బిందెలు తీసుకొని వస్తే మిగతావాళ్లు బిందెలు ఎత్తుకొని పక్కకు జరిగేవాళ్లట. ఆ కుటుంబం ఇల్లు విడిచి ఎటో పోయింది.

ఆ మరుసటి రోజు వరమ్మ నా అంగడికి వచ్చింది.

"పోయినా ఎవురూ తెరవలేని డబ్బా కావల్ల" అంది.

అప్పటికి నా దగ్గర మూడు రకాలున్నాయి. మొదటిది మామూలు పెన్‌డ్రైవు, దాన్ని చూపించను కూడా లేదు. రెండోది, కంప్యూటరులో ఒక ప్రోగ్రాము ఎక్కించి, కీబోర్డు మీద మాట కొడితే తెరుచుకునే హార్డుడిస్కు. వరమ్మ రెండే ప్రశ్నలు వేసింది. ఆసుపత్రి కంప్యూటరులో వాళ్లు బయటి ప్రోగ్రాములు ఎక్కించనివ్వరు, అప్పుడెట్ల? కీబోర్డు మీద కొడతావుంటే వెనకాల నిలబడినోళ్లు చూడరా? తొమ్మిదో తరగతి మూడుసార్లు చదివిన నాకు కూడా ఆ ప్రశ్నలు తట్టలేదు. మూడోది తీశాను. అరచేతిలో పట్టే నల్ల డబ్బా, దాని ఒంటి మీదే అంకెల మీటలు. ముందు మీటలు నొక్కాలి. పచ్చలైటు వెలిగితేనే కంప్యూటరుకు అది కనబడుతుంది. వైరు పీకితే దానంతటదే బీగం పడుతుంది.

"లోపల రాసింది ఎట్ల దాస్తాది?" అని అడిగింది.

"కొర్రలు, జొన్నలు, సజ్జలు కలిపి పిండి ఆడించేస్తాదక్కా. నీ అంకె పడితే ఆ పిండిని మళ్లా గింజ గింజ చేసి చేతిలో పోస్తాది. అంకె తెలియనోడికి పిండే."

"నేనే మరిచిపోతే?"

"నీకూ పిండే. పదిసార్లు తప్పు నొక్కితే ఆ పిండి కూడా మిగలదు, ఊదేస్తాది. కంపెనీవోడు వచ్చినా తేలేడు."

నా జీవితంలో చెప్పిన నిజాలు తక్కువ. ఇది వాటిలో ఒకటి.

డబ్బాతోపాటు వచ్చిన కాగితాన్ని వరమ్మ చివరి దాకా చదివింది. ఇలాంటి కాగితం చదివిన మనిషిని నేను అదే చూడడం.

"ఇంకో దాంట్లో ఒక నకలు పెట్టుకోమంటాడే ఈడ. రెండు కొనల్లనా?"

నా దగ్గర అట్లాంటిది ఒక్కటే ఉంది. రెండోది తెప్పించాలంటే పది రోజులు. పది రోజుల్లో ఆమె కడపలో ఇంకో అంగడి చూసుకోవచ్చు.

"రెండోది ఎందుకక్కా! ఇట్లాంటి డబ్బా మీద సిమెంటు లారీ ఎక్కించి చూసినా. టైరు పంచరైంది గానీ దీని మీద గీత పడలే."

ఏ లారీ ఎక్కలేదు. వరమ్మ నవ్వలేదు. ఒక్కటే కొనుక్కొని పోయింది.

ఇక అంకె సంగతి. మా చర్చిలో ఏడాది చివరి ఆరాధన అయ్యాక ఒక్కో ఇంటికీ ఒక వాగ్దానం కార్డు తీస్తారు. కార్డు మీద ఒక వచనం, దాని అధ్యాయం నంబరు, వచనం నంబరు ఉంటాయి. దాన్ని తలుపుకు అంటించుకుంటే ఆ ఏడంతా ఆ ఇంటిదదే మాట. మా వాళ్లు అక్కడితో ఆగరు. ఆ నంబర్లనే ఫోనుకు తాళంగా పెట్టుకుంటారు, మరిచిపోకుండా ఉంటుందని. జనవరి ఒకటిన మా వీధిలో సగం ఫోన్ల తాళాలు మారతాయి. ఎవరైనా ఫోను తెచ్చి "నంబరు మరిచిపోయినా దాసన్నా" అంటే, "పోయి మీ తలుపు చూసుకొని రా పో" అంటాను. నా రిపేర్లలో సగం అదే.

వరమ్మ కూడా మొదట కార్డు నంబరే పెట్టింది. నేను ఊరుకుంటానా?

"బీగమేసి, బీగంచెవి తలుపుకే తగిలించినావే అక్కా! ఇంత దుడ్లు పోసి డబ్బా కొనేదెందుకు, తలుపు మీద పేర్లే రాసిపెట్టు."

డబ్బా తీసుకొని, నాకు వీపు తిప్పి, మీటలు నొక్కి వేరే నంబరు పెట్టుకుంది. ఏం పెట్టిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ తర్వాత ఆమె ఆ డబ్బాను వాడిన తీరు చూడాలి. పొద్దున ఆఫీసులో కంప్యూటరుకు తగిలిస్తుంది. మంచినీళ్లకు లేచినా సరే, పద్ధతిగా ఆపి వైరు పీకి, డబ్బా కొంగులో కట్టుకొని లేస్తుంది. సాయంత్రం పాత చీరముక్కలో చుట్టి ఆఫీసు బీరువాలో పెడుతుంది. అందులో నూట నలభై మంది పేర్లుండేవి. మొదటి పేరు వరమ్మదే.

పేర్లు కాకుండా ఇంకొకటి చేరింది. ఆరేళ్ల కిందట, బట్టలు కుట్టే వెంకటేశ్వరమ్మ అనే ఆమె మాత్రలు మధ్యలో మానేసి, ముదిరిపోయాక వరమ్మను పిలిపించింది. "నా బిడ్డ శిల్పకు పన్నెండేండ్లు. ఇప్పుడు చెప్తే తెల్దు. నా మాట నీ ఫోనులో పట్టి పెట్టక్కా, పద్దెనిమిది నిండినాక ఇనిపీ" అంది. వరమ్మ రికార్డు చేసి, డబ్బాలోకి మార్చి, ఫోనులోది చెరిపేసింది. ఫోనులో ఉంటే ఎప్పుడో రిపేరుకు నా చేతికే వస్తుంది, నా నోటి సంగతి ఆమెకు తెలుసు. ఆ మాట బయటికి పొక్కలేదు గానీ, ఆ జబ్బుతో ముదిరినవాళ్లకు ఎట్లా తెలిసిందో తెలిసింది. ఒకరి వెనక ఒకరు అడిగారు. మొత్తం పదకొండు గొంతులయ్యాయి. డబ్బాలో ఇంకా ఎన్ని గొంతులు పడతాయని అడిగినప్పుడు ఆ లెక్క ఒక్కటే నాకు చెప్పింది. పదకొండు మందీ పోయారు. పిల్లలు ఇంకా చిన్నవాళ్లు. గొంతులు డబ్బాలో ఉన్నాయి, వేరే ఎక్కడా లేవు.

ఇక తిమ్మయ్య. వరమ్మ సంస్థ ఆఫీసు ఉన్న గది తిమ్మయ్య ఇంటి ముందు గదే. ఆయనకు నలభై ఎకరాలు, ఒక పెట్రోలు బంకులో వాటా, శివాని అనే కూతురు. మనిషి చెడ్డవాడు కాదు. ఆ జబ్బు వాళ్ల ఆఫీసుకు గది ఎవరూ ఇవ్వనప్పుడు ఆయనే ఇచ్చాడు. పోయిన ఏడాది శివానికి సంబంధం కుదిరింది. పదహారు లారీలున్న ఇల్లు. తాంబూలాలు పుచ్చుకున్నాక ఎవరో వచ్చి తిమ్మయ్య చెవిలో ఊదారు, ఆ పెండ్లికొడుకు బస్టాండులో వరమ్మతో మాట్లాడుతుంటే చూశామని. బస్టాండులో వరమ్మ కుక్కలతో కూడా మాట్లాడుతుంది. అయినా తండ్రికి నిద్ర పట్టలేదు.

మొదట తిన్నగా ఆమెనే అడిగాడు. ఆమె చెప్పిందట, "పెండ్లికి ముందు ఇద్దరినీ పరీక్ష చేయించుకోమనప్పా, నేను అందరికీ చెప్పేది అదే" అని. "పదహారు లారీలోళ్లను నీ రక్తం చూపీ అని ఏ నోటితో అడగల్లమ్మా? సంబంధం నిలుస్తాదా? నా మర్యాద నిలుస్తాదా?" అని ఆయన లేచిపోయాడు. వియ్యంకుణ్ణి ఒక మాట అడగడం కన్నా బీరువా తెరవడం ఆయనకు మర్యాదగా తోచింది. ఇంటాయన గనక గదికీ, గదితోపాటు ఇచ్చిన బీరువాకూ రెండో బీగంచెవి ఆయన దగ్గరే ఉంది.

ఆఫీసు మూసి ఉండే ఒక ఆదివారం మధ్యాహ్నం టవల్లో ఏదో చుట్టుకొని నా అంగడికి వచ్చాడు. బల్ల మీద పెట్టి విప్పాడు.

"రేయ్ దాసా, దీన్ని తెరువు."

చూడగానే గుర్తుపట్టాను. "యాడిదప్పా ఇది?"

"యాడిదైతే నీకేంరా? నా ఇంట్లోది."

"నువ్వు ఏమన్నా నొక్కినావా దీన్ని?"

"నొక్కకుండా ఉంటానా? మీ చర్చికే వచ్చే మా సేద్యగాడు, ఏసేపుగాడు, చెప్పినాడు, మీవోళ్లంతా తలుపు మీది కార్డు నంబరే పెట్టుకుంటారంట గదా. ముందు నించి నొక్కినా, వెనక నించి నొక్కినా, ఈ సంవత్సరం కలిపి నొక్కినా, పోయిన సంవత్సరం కలిపి నొక్కినా. ఆరుసార్లు. ఎర్రలైటు తప్ప ఏం లేదు."

ఆరు. ఇంకా నాలుగున్నాయి. ఫోను తీసి వరమ్మకు చేశాను. "అక్కా, నీ డబ్బా నా అంగట్లో ఉండాది. తిమ్మయ్యప్ప ఉండాడు" అన్నాను. ఆమె "ఊ" అంది.

తిమ్మయ్య కోప్పడలేదు. "రానీలే. ఆమే తెరుస్తాది" అన్నాడు.

పది నిమిషాలకు వచ్చింది. పరిగెత్తి రాలేదు. చెప్పులు బయట విడిచి, స్టూలు మీద కూర్చుంది. డబ్బా తిమ్మయ్య చేతిలో ఉంది.

"ఏమ్మా వరమ్మా, నాకు లిస్టంతా వద్దు. ఒక్క పేరు. ఉండాదా లేదా, అంతే. చెప్పేసి నీ డబ్బా నువ్వు తీసుకపో."

"ఒక్క పేరైతే చెప్తానప్పా. వరమ్మ. మొదటిది నాదే. ఇంగ నాకు తెల్దు."

"పరాచికమా?"

"నాకు పరాచికాలు రావు. కావల్లంటే దాసన్ననడుగు."

"నంబరు చెప్పు."

వరమ్మ తల అడ్డంగా ఊపింది. తిమ్మయ్య మీటల మీద వేలు పెట్టాడు. అప్పుడు నేను బల్ల దాటి వచ్చి చేయి పట్టుకున్నంత పని చేశాను.

"తిమ్మయ్యప్పా, నా మాటిను. ఇంగ నాలుగుసార్లు తప్పు నొక్కితే లోపలిదంతా తుడిచిపెట్టుకపోతాది. నీకూ ఉండదు, ఆమెకూ ఉండదు. ఆమెకు అందులో వేరేవి కూడా ఉండాయి. నా మీద ఒట్టు."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి నవ్వాడు.

"పెన్నలో పడిన ఫోనును చేప ఎత్తిందని చెప్పినోడివి నువ్వే గదరా?"

"అది అబద్ధమప్పా. ఇది నిజం."

"గోడలో ఫోను మోగిందన్నావే?"

"అదీ అబద్ధమే. ఇదొక్కటే నిజం."

తిమ్మయ్య వరమ్మ దిక్కు తిరిగాడు. "ఏమ్మా, నిజమేనా వీడు చెప్పేది?"

నిజమని ఆమె ఒక్క మాట అంటే ఆయన ఆగుతాడు. అది కూడా నాకు తెలుసు. కాని ఆగి డబ్బా తిరిగి ఇచ్చేయడు. తన ఇనప్పెట్టెలో పెట్టుకుంటాడు. రోజూ ఆమెను నంబరు అడుగుతాడు, ఇంకెవరినో తెస్తాడు, ఈ రోజు కాకపోతే పది రోజులకు ఎట్లో ఒకట్ల తెరుస్తాడు. వరమ్మ నా మొహం చూసింది. డబ్బా చూసింది. ఆమె కళ్లలో ఏదీ కదల్లేదు.

"దాసన్న మాటలు నీకు తెలియనివా అప్పా" అంది.

ఎంత నోరున్నవాణ్ణి, అబద్ధంతో వంద మందిని కూర్చోబెట్టినవాణ్ణి, నిజంతో ఒక్క మనిషిని ఆపలేకపోయాను.

"నువ్వు పుట్టిందెప్పుడు?" తిమ్మయ్య అడిగాడు.

ఆమె తేదీ, నెల, సంవత్సరం చెప్పింది, రేషన్ కార్డు ఆఫీసులో చెప్పినట్టు. ఆయన నొక్కాడు. ఎర్రలైటు. ఏడు.

"పెండ్లెప్పుడైంది?"

అదీ చెప్పింది. నొక్కాడు. ఎర్రలైటు. ఎనిమిది.

"ప్రకాశం పోయినదెప్పుడు?"

చెప్పింది. తేదీ చెప్పి, "మంగళారం" అని కూడా చెప్పింది, ఆయన అడగకుండానే. ఎర్రలైటు. తొమ్మిది.

బయట గేటు పడింది. సిమెంటు లారీలు వరసగా ఆగాయి. ఒకటి హారను కొడుతూనే ఉంది. తిమ్మయ్య దానికేసి చూసి, ఏదో తట్టినట్టు వేలెత్తాడు.

"మీ ఆయన నడిపిన లారీ నంబరు?"

వరమ్మ లారీ నంబరు చెప్పింది. పదహారేళ్లైనా తడుముకోలేదు. ఆయన ఒక్కో అంకె చదువుతూ నొక్కాడు.

ఎర్రలైటు రాలేదు. ఎరుపు, పచ్చ, ఎరుపు, పచ్చ, ఒకదాని వెనక ఒకటి వెలిగాయి.

"పచ్చలైటు!" తిమ్మయ్య చిన్నపిల్లోడి మాదిరి బల్ల మీద చరిచాడు. "సూడ్రా దాసా, వచ్చె! తగిలీ, కంప్యూటరుకు తగిలీ!"

తగిలించాను. కంప్యూటరు దాన్ని కొత్త డబ్బా అనుకుంది. ఇందులో ఏమీ లేదు, వాడుకునేలా సిద్ధం చేయమంటావా అని అడిగింది. తిమ్మయ్య కళ్లద్దాలు పెట్టుకొని తెర దగ్గరికి వంగాడు.

"పేర్లేవిరా?"

"చెప్పినా గదప్పా."

"నువ్వు చెప్తే ఎవురు నమ్ముతారురా?" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. వరమ్మ లేచి, వైరు పీకి, డబ్బాను కొంగులో కట్టుకుంది.

"గది ఖాళీ చేయల్లనా అప్పా?"

ఆయన కళ్లద్దాలు తీసి మడిచాడు. "నా బిడ్డమ్మా వరమ్మా. ఒక్కతే బిడ్డ" అన్నాడు.

"తెలుసప్పా. ఇద్దరినీ కడపకు పంపీ. అర్ధగంట పని."

తిమ్మయ్య టవలు భుజాన వేసుకొని పోయాడు. గేటు లేచింది. లారీలు కదిలాయి. అంగట్లో ఇద్దరమే మిగిలాం.

"అక్కా, పదకొండు గొంతులు" అన్నాను.

"ఊ."

"ఆయన్ను ఆపి ఉంటే..."

"గొంతులు పదకొండే. అవి పోయినోళ్లవి. పేర్లు నూట నలభై, అందరూ బతికుండేవోళ్లు. కొళాయి కాడికి పోవాల్సినోళ్లు." లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పింది.

"నేను రెండోది కొనమని ఉంటే..."

"లారీ ఎక్కినా ఏం గాదంటివి." ఆ మాటలో నిష్ఠూరం ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండేది. "టీ చెప్పు" అంది. టీ తెప్పించాను. తాగి, గ్లాసు కడిగి బోర్లించి పోయింది.

మరుసటి రోజు డబ్బా అడిగి తెచ్చుకొని నాలుగు మధ్యాహ్నాలు దాంతో కుస్తీ పట్టాను. బెంగళూరులో ఇదే పని చేసేవాళ్లకు ఫోను చేశాను. వాళ్లు కంపెనీ పేరు వినగానే నవ్వారు, బాగా చేస్తాడు వాడు, ఏమీ మిగలదు అన్నారు. నేను అమ్మిన సరుకు గురించి నేను చెప్పినదాంట్లో అదొక్కటి అక్షరాలా నిజమైంది. వరమ్మను నంబరు ఏమి పెట్టావని అప్పుడు అడిగాను, ఇక అడిగినా ఏమీ కాదు గనక. ప్రకాశం పోయిన ఏడాది తలుపుకు అంటించిన కార్డుదట. అతని చేత్తో తీసిన చివరి కార్డు. ఆ కార్డు ఎప్పుడో చిరిగిపోయింది.

పేర్లను ఆసుపత్రి రిజిస్టరు చూసి మళ్లీ రాసుకోవడానికి ఆమెకు నెలన్నర పట్టింది. ఈసారి రెండు డబ్బాలు కొంది. ఒకటి ఆఫీసులో, రెండోది ఆసుపత్రి కౌన్సెలరు బీరువాలో. ఇప్పుడు నా దగ్గర ఎవరు ఇట్లాంటి డబ్బా కొన్నా రెండు కొనమంటాను. కొనకపోతే అమ్మను. లారీ కథ ఎవరైనా అడిగినా చెప్పను.

తిమ్మయ్య గది ఖాళీ చేయమనలేదు. లిస్టు అనేదే లేకుండా పోయాక ఆయనకు ఇంకో దారి లేకపోయింది. వియ్యంకుడి ఇంటికి పోయి, గంటసేపు వానల గురించి మాట్లాడి, చివరికి నోరు తెరిచి పరీక్ష మాట అడిగాడట. ఆ వియ్యంకుడు ఊపిరి వదిలి, "మేమూ అడగల్లనే అనుకున్యాం బావా, మీరేమనుకుంటారోనని మింగినాం" అన్నాడట. ఇద్దరు పిల్లలూ కడపకు పోయి వచ్చారు. కాగితంలో ఏమొచ్చిందో, పెండ్లి అయిందో కాలేదో నాకు తెలుసు. ఒకటి చెప్తే రెండోది చెప్పినట్టే కాబట్టి, ఏదీ చెప్పను.

మొన్న జూన్‌లో నందికొట్కూరు బస్సు దిగి ఒక పిల్ల నా అంగడికి వచ్చింది. చార్జరు కావాలంది. నేను చార్జర్లు చూపిస్తుంటే అవి చూడకుండా, "వరమ్మత్త ఈడికే రమ్మన్యాది. నా పేరు శిల్ప" అంది. పద్దెనిమిది నిండి నాలుగు రోజులైందట. తల్లి పోయాక అవ్వ రామసుబ్బమ్మ దగ్గర నందికొట్కూరులో పెరిగింది.

వరమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టింది.

"మీ అమ్మ గొంతు నా దగ్గర పెట్టింది. అది పోయింది. నేనే పోగొట్టినా" అంది. ఎందుకో, ఎట్లో చెప్పలేదు. "మాటలు నాకు తెలుసు. శానా సార్లు ఇన్నా. గొంతు మటుకు నాది. ఇంటావా?"

ఆ పిల్ల చేతిలోని సంచి కింద పెట్టింది. తర్వాత తల ఊపింది. నేను లేచి బయటికి పోబోతే వరమ్మ ఉండమని చేయి చూపింది. రికార్డు చేద్దామని ఫోను తీస్తే వద్దంది.

వరమ్మ చేతులు ఒళ్లో పెట్టుకొని మొదలుపెట్టింది. ఎత్తూ పల్లమూ లేని అదే గొంతు.

"'శిల్పా, నేను అమ్మను. వరమ్మక్క ఫోను పట్టుకొని ఉండాది.' ఈడ దగ్గింది. మూడుసార్లు. 'నీకు కుట్టిన పచ్చలంగా పొట్టిదైపోయింటాది. కింద మడతలో నాలుగు వేళ్ల గుడ్డ ఇడిసినా, ఇప్పుకో. మిషను అవ్వను అమ్మనీకు. సూది ఇరిగితే భయపడొద్దు, అందరికీ ఇరుగుతాది.' ఈడ నీళ్లు తాగింది. 'నాకు కోపమొచ్చి నిన్ను ఒకసారి కొట్టినా, అద్దం పగలగొట్టిన దినం. ఆ అద్దం ముందే బీటలిచ్చిండె. నాకు తెలుసు. తెలిసీ కొట్టినా.' ఈడ ఒక లారీ పోయింది. ఒక మాట ఇనపల్లే."

"ఏం మాటత్తా?" శిల్ప అడిగింది.

"తెల్దు. ఎన్నిసార్లు ఇన్నా తెల్లే."

శిల్ప ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

"'మాత్రలు నేను మాన్నందుకు ఇట్లయింది. అది నీ తప్పు గాదు, దేవుని తప్పు గాదు.' ఈడ శానా సేపు ఏం మాట్లాడలే."

అని వరమ్మ కూడా ఆగిపోయింది. నేను అయిపోయిందనుకున్నాను. అయిపోలేదు. ఆ రికార్డింగులో ఎంతసేపు నిశ్శబ్దం ఉందో అంతసేపూ ఆమె కూర్చుంది. గూడ్సు బండి ఒకటి మొత్తం పోయింది. శిల్ప కదల్లేదు. నేను చార్జరు వైరు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాను.

"'సరే అక్కా, ఆపు' అన్యాది" అంది వరమ్మ. "అంతే."

శిల్ప కొంగుతో మొహం తుడుచుకుంది. బస్సుకు టైముందా అని నన్ను అడుగుతుందనుకున్నాను. ఆమె వరమ్మ దిక్కే చూస్తూ, "ఇంగోసారి చెప్పత్తా" అంది.

వరమ్మ చేతులు మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

"'శిల్పా, నేను అమ్మను. వరమ్మక్క ఫోను పట్టుకొని ఉండాది.' ఈడ దగ్గింది. మూడుసార్లు."